హన్మకొండలో ‘కోవిడ్ బేబీ’ చెకప్: 2,500 టెస్టుకు ఓకే, 12,000 ప్యాకేజీకి నో

2021 సెకండ్ వేవ్‌లో కడుపుతో ఉండి కోవిడ్ వచ్చినవాళ్లు మన వరంగల్ వైపు చాలామందే ఉన్నారు. ఆ పిల్లలంతా ఇప్పుడు ఎల్‌కేజీ, యూకేజీల్లో ఉన్నారు కాబట్టి ఈ రివ్యూ వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా. హన్మకొండలో ఒక ప్రైవేట్ పిల్లల డెవలప్‌మెంట్ సెంటర్‌కి మా బాబుని తీసుకెళ్లాం. పేరు రాయను. అక్కడ పనిచేసే స్పీచ్ థెరపిస్ట్ చాలా మంచి అమ్మాయి, నా రాతల వల్ల ఆమెకు మాట రాకూడదు. పైగా ఇప్పుడు ఇలాంటి ‘కోవిడ్ బేబీ’ బోర్డులు ఒక్కచోట కాదు కదా, ఒకరి పేరు పట్టుకుని తిడితే మిగతావాళ్లు మంచోళ్లయిపోతారు. ముందే తేల్చి చెప్పేస్తా: అసెస్‌మెంట్ బాగుంది, కట్టిన డబ్బుకు న్యాయం జరిగింది. దాని వెనకాల తగిలించే ప్యాకేజీ మాత్రం భయం అమ్ముకోవడమే.

మేమెందుకు వెళ్లామో కొంచెం చెప్పాలి. 2021 మే 12న తెలంగాణలో లాక్‌డౌన్ పెట్టారు గుర్తుందా, ఆ రోజుల్లోనే నాకు పాజిటివ్. ఎనిమిదో నెల. జ్వరం, దగ్గు, వాసన పోయింది, ఆక్సిజన్ మాత్రం పడిపోలేదు, ఇంట్లోనే ఒక గదిలో పడి ఉన్నా. టీకా వేసుకోలేదా అని ఇప్పుడు కొందరు అడుగుతారు. కడుపుతో ఉన్నవాళ్లకు టీకా వేయొచ్చని కేంద్రం చెప్పిందే 2021 జూలై 2న, అప్పటికి నా కాన్పు కూడా అయిపోయింది. ఆ వేవ్ గర్భిణుల మీద ఎంత గట్టిగా పడిందో ఐసీఎంఆర్ లెక్కల్లోనే ఉంది. పాజిటివ్ వచ్చిన గర్భిణులు, బాలింతల్లో లక్షణాలు కనపడినవాళ్లు ఫస్ట్ వేవ్‌లో 14.2 శాతం ఉంటే సెకండ్ వేవ్‌లో 28.7 శాతం, చనిపోయినవాళ్లు 0.7 శాతం నుంచి 5.7 శాతానికి పెరిగారు. ఆ లెక్కన నేను బాగానే బయటపడ్డట్టు. బాబు నెలలు నిండాకే పుట్టాడు, బరువు కూడా ఫర్వాలేదు, మేం ఆ సంగతే మర్చిపోయాం.

మళ్లీ గుర్తుచేసింది 2025 అక్టోబర్ చివర్లో వచ్చిన అమెరికా స్టడీ. గర్భంలో ఉన్నప్పుడు తల్లికి కోవిడ్ వస్తే పిల్లలకు ఆటిజం అంటూ వార్త పెద్ద పెద్ద అక్షరాలతో వచ్చింది, మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ముగ్గురు నలుగురు ఫార్వర్డ్ చేశారు, అందులో మా మరిది ఒకడు, చదవకుండానే. నేను చదివా. మగపిల్లల్లో ఎక్కువ, చివరి మూడు నెలల్లో వస్తే ఎక్కువ అని ఉంది. నాకు రెండూ వర్తిస్తాయి. దానికి తోడు మావాడు నాలుగేళ్లు దాటినా ‘కాకి’ని ‘తాతి’ అంటాడు, ‘గడియారం’ వాడి నోట్లో ‘దడియారం’. అప్పటిదాకా ముద్దుగా అనిపించిన మాట ఆ వార్త చదివాక టెన్షన్‌గా మారింది. మా అత్తమ్మ అయితే “మా చిన్నోడు ఐదేండ్లదాక గట్లనే మాట్లాడిండు, పొల్లగానికి ఏమైందని దవాఖాన?” అని ఒకటే గొణుగుడు. అయినా వెళ్లాం.

సెంటర్‌లో అడుగుపెట్టగానే ఎదురుగా ఫ్లెక్సీ. ‘కోవిడ్ సోకిన తల్లుల పిల్లల్లో 16 శాతం మందికి ఎదుగుదల సమస్యలు! మీ బిడ్డ సురక్షితమేనా?’ అని, పక్కన తల పట్టుకున్న పిల్లాడి బొమ్మ. ఇక్కడే నాకు ఒళ్లు మండింది. ఆ 16 శాతం అబద్ధం కాదు, సగం నిజం. నేను చదివిన ఆ అమెరికా స్టడీలోదే అది. బోస్టన్ వైపు ఆసుపత్రుల్లో 2020 మార్చి నుంచి 2021 మే దాకా జరిగిన 18,124 కాన్పుల రికార్డులు తీసి చూశారు. అందులో కడుపుతో ఉండగా కోవిడ్ వచ్చిన తల్లులు 861 మంది. మూడేళ్లు వచ్చేలోపు వాళ్ల పిల్లల్లో 16.3 శాతం మందికి ఏదో ఒక ఎదుగుదల సమస్య ఉందని డాక్టర్లు రాశారు. సరే, మరి కోవిడ్ రాని తల్లుల పిల్లల్లో? 9.7 శాతం. ఈ రెండో అంకె ఫ్లెక్సీ మీద లేదు. తల్లి వయసు, కాన్పు ఎప్పుడైంది, ఇన్సూరెన్స్ ఎలాంటిది, ఇవన్నీ సర్దుబాటు చేశాక మిగిలిన తేడా సుమారు 1.3 రెట్లు. అంటే తేడా ఉంది, కొట్టిపారేసేది కాదు, కానీ ఫ్లెక్సీ చూసి గుండె ఆగిపోయేంతా లేదు. ఇంకో సంగతి, ఆ 16 శాతంలో అందరికీ ఆటిజం కాదు. మాటలు ఆలస్యం కావడం, నడక, చేతి పనులు ఆలస్యం కావడం లాంటివే అందులో ఎక్కువ. వందలో ఎనభై మూడు మందికి పైగా పిల్లలకు అలాంటిదేమీ రాయలేదు, ఆ మాట ఎవరూ ఫ్లెక్సీ కొట్టించరు.

అదే టీం 2022లో ఏడాది వయసు పిల్లల మీద చేసిన స్టడీ కూడా ఉంది, 7,772 మంది పిల్లలు, కోవిడ్ తల్లుల పిల్లలు 222 మంది, వాళ్లలో 6.3 శాతం మందికి సమస్య ఉంటే మిగతావాళ్లలో 3 శాతం మందికి. కానీ దీనికి ఎదురు చెప్పే స్టడీలూ ఉన్నాయి. న్యూయార్క్‌లో కొలంబియా వాళ్లు 255 మంది పసిపిల్లల్ని ఆరు నెలల వయసులో చూస్తే తల్లికి కోవిడ్ వచ్చినా రాకపోయినా తేడా కనపడలేదు. అయితే కోవిడ్ కాలంలో పుట్టిన పిల్లలంతా, తల్లికి వైరస్ సోకని వాళ్లతో సహా, అంతకుముందు పుట్టిన పిల్లల కంటే కదలికల్లోనూ, మనుషులతో కలిసిపోవడంలోనూ కాస్త వెనకబడ్డారు. ఇది నాకు బాగా ఎక్కింది. ఎందుకంటే మావాడు పుట్టాక ఇరవై ఒకటో రోజు ఫంక్షన్ లేదు, చుట్టాలు లేరు, ఎత్తుకున్న ప్రతివాళ్ల మూతికి మాస్కే, పెదాలు ఎలా కదులుతాయో చూసే వీలే లేకపోయింది, తర్వాతేమో చేతికి ఫోను. ఇందులో వైరస్ వాటా ఎంత, ఫోను వాటా ఎంత, ఎవరు తేల్చగలరు? కాలిఫోర్నియా వాళ్లు నడిపిన ఇంకో స్టడీలో దాదాపు 2,000 మంది తల్లుల్ని మొదటి నెలల నుంచీ వెంబడించి, పిల్లలకు రెండేళ్లు వచ్చేదాకా చూశారు, అందులోనూ కోవిడ్‌కీ ఎదుగుదలకీ సంబంధం కనపడలేదు. ఒకరు ఉందంటారు, ఒకరు లేదంటారు, ఏంది ఇది అనిపిస్తుంది. కొలిచే పద్ధతే వేరు. బోస్టన్ వాళ్లు చూసింది ఆసుపత్రి ఫైల్లో డాక్టర్ రాసిన జబ్బు పేరు, మిగతావాళ్లు చూసింది తల్లిదండ్రులు నింపిన ప్రశ్నల ఫారాలు. పైగా కోవిడ్ వచ్చిన తల్లి నాలాగే కొంచెం ఎక్కువ భయపడి పిల్లాడిని డాక్టర్ దగ్గరికి తొందరగా తీసుకెళ్తుంది, తీసుకెళ్తే ఏదో ఒకటి రాస్తారు, అదీ లెక్కలోకి వస్తుంది.

ఇక అసెస్‌మెంట్. ఇది మాత్రం నిజంగా బాగా చేశారు, అందుకే వివరంగా రాస్తున్నా, మీరు వెళ్లినా అక్కడ ఏం జరగాలో తెలిస్తే మోసపోరు.

ముందు రిసెప్షన్‌లో ఫారం ఇచ్చారు. ‘గర్భంలో కోవిడ్: అవును/కాదు’ అని ఒకే గడి. ఏ నెలలో వచ్చింది, జ్వరం ఎంత ఉంది, ఆక్సిజన్ పెట్టారా, నెలలు నిండాక పుట్టాడా, పుట్టగానే ఏడ్చాడా, ఒక్క ప్రశ్న లేదు. కోవిడ్ బేబీ అని బోర్డు పెట్టుకుని కోవిడ్ గురించి ఒకే గడి! లోపలికి వెళ్లాక సైకాలజిస్ట్ మేడం ఇవన్నీ నోటితో అడిగి చేత్తో రాసుకున్నారు, ఆ క్రెడిట్ ఆమెకే. ఇంకో తమాషా, రిసెప్షన్ అమ్మాయి ఎం-చాట్ పేపరు కూడా నింపమంది. ఇరవై ప్రశ్నలుంటాయి, ఆటిజం అనుమానం ఉందేమో చూడటానికి. కానీ అది 16 నుంచి 30 నెలల పిల్లల కోసం. మావాడికి నాలుగున్నరేళ్లు. మేడం ఆ పేపరు చూసి నవ్వి పక్కన పెట్టేశారు. మీ పిల్లలకు మూడేళ్లు దాటితే దాని మార్కులు చూపించి ఎవరైనా ఏదైనా చెప్తే నమ్మకండి.

ముందు నాతో మాట్లాడారు. దాన్ని వైన్‌ల్యాండ్ స్కేల్ అంటారట, మన దేశానికి తగ్గట్టు మార్చిన దాంట్లో 89 అంశాలుంటాయి, పిల్లాడి వయసుకు తగ్గవి అడుగుతారు. గుండీలు పెట్టుకుంటాడా, చేతులు తనే కడుక్కుంటాడా, మెట్లు ఒక్కో కాలు మార్చి దిగుతాడా, ఇంకో పిల్లాడితో కలిసి ఆడతాడా, జరిగింది చెప్పగలడా. దాన్నిబట్టి సోషల్ ఏజ్ అని, అంటే వాడు చేసే పనులు ఏ వయసు పిల్లలవో, ఒకటి వేసి, అసలు వయసుతో భాగించి వందతో గుణిస్తారు. ఇక్కడ ఒక మాట. మన ఇళ్లల్లో నాయనమ్మ కలిపి తినిపిస్తుంది, అమ్మ చెప్పులు తొడుగుతుంది, ‘తనే తింటాడా’ అంటే మనం ‘లేదు’ అంటాం, మార్కు పోతుంది. పిల్లాడికి రాక కాదు, మనం చేయనివ్వక. మేడం ఇది గమనించి, అక్కడే డబ్బాలో ఉన్న అటుకులు ప్లేటులో పోసి స్పూను ఇచ్చి వాడి ముందు పెట్టారు. శుభ్రంగా తిన్నాడు. అలా అడిగి ఊరుకోకుండా చేయించి చూడటం నాకు నచ్చింది.

తర్వాత చెక్క పలక. పది రకాల ఆకారాలు, గుండ్రం, నక్షత్రం, త్రికోణం, అర్ధచంద్రం, ఒక్కోదాన్ని దాని గూట్లో పెట్టాలి, మేడం చేతిలో స్టాప్‌వాచ్. మూడుసార్లు చేయించి, అందులో తక్కువ టైం ఏదో అది తీసుకుంటారు. మొదటిసారి మావాడు నక్షత్రాన్ని చేతిలో పట్టుకుని అదేదో కథ మొదలుపెట్టాడు, టైం పోతోందని నా ప్రాణం కొట్టుకుంటోంది, మేడం మాత్రం ఒక్క మాట అనలేదు. మూడోసారికి టకటకా పెట్టేశాడు. ఆ తర్వాత ఒంటికాలి మీద నిలబెట్టారు, గెంతించారు, పెన్సిల్ ఇచ్చి సున్నా, ప్లస్ గుర్తు, చతురస్రం గీయమన్నారు. చతురస్రం ఒక మూల గుండ్రంగా వచ్చింది, ఈ వయసుకు అది మామూలే అన్నారు. ఒక బొమ్మల కార్డు చూపించి కథ చెప్పమంటే కోతి, అరటిపండు, కోతి పడిపోయింది, వాళ్లమ్మ తిట్టింది అని వాక్యాలు వాక్యాలుగా చెప్పాడు. చెప్పిందంతా ‘తోతి’ అనే. అంటే భాష బాగుంది, భావం బాగుంది, శబ్దం ఒక్కటే తేడా. మాటలు ఆలస్యం కావడం వేరు, మాట స్పష్టంగా లేకపోవడం వేరు. నేను ఈ రెంటినీ కలిపేసి భయపడుతున్నానని అక్కడే అర్థమైంది, అసలు 2,500 కట్టింది దీనికే అనుకోవచ్చు.

అప్పుడొచ్చింది ఆ స్పీచ్ థెరపిస్ట్ అమ్మాయి, నర్సంపేట వైపు అమ్మాయట, వాడి పక్కన కింద కూర్చుని “ఏం పేరు తమ్మీ నీది? నాకు చెవుల చెప్తవా?” అని మొదలుపెట్టింది. అప్పటిదాకా నా కొంగు వదలనివాడు ఆమె చెవిలో ఐదు నిమిషాలు సోది చెప్పాడు. నాలుక ఎలా కదులుతోంది, అంగిలి ఎలా ఉంది చూసి, నాతో “అక్కా, ముందుగాల చెవులు చూపియ్యండి. వినపడకుంట మాట సక్కగ రమ్మంటే ఎట్ల వస్తది?” అంది. వినికిడి టెస్ట్ ఈ వయసులో ఆటలాగే చేస్తారు, హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినపడ్డప్పుడల్లా డబ్బాలో ఒక గోలీ వేయమంటారు. అది వేరే చోట చేయించాం, వేరే ఫీజు. ఒక చెవిలో గులిమి గట్టిగా పట్టేసి ఉంది, ఈఎన్‌టీ డాక్టర్ తీసేశారు, తర్వాత రెండు చెవులూ నార్మల్. ‘క’కి బదులు ‘త’ అనడం మాత్రం గులిమి వల్ల కాదు, అది చిన్నపిల్లల్లో చాలా మామూలుగా కనపడే అలవాటు, సాధారణంగా నాలుగేళ్ల లోపు పోతుంది, వీడికి కొంచెం ఆలస్యమైంది, నేర్పిస్తే పోతుంది అని చెప్పింది. నేర్పడం కూడా అక్కడే చూపించింది. వెల్లకిలా పడుకోబెట్టి, పుక్కిలించినట్టు గొంతులోంచి శబ్దం చేయించి, నాలుక కొస కింద ఆనించి ఉంచి ‘అక్... అక్...’ అనిపించడం. ఇంట్లో రోజూ కాసేపు చేస్తున్నాం. ‘కాకి’ వచ్చేసింది, ‘గడియారం’ ఇంకా రావాలి.

ఇంతవరకు ఐదుకి ఐదు. ఇప్పుడు అసలు కథ.

రిపోర్టు చేతికి రాకముందే ‘కౌన్సెలింగ్’ అని ఇంకో గదిలోకి పిలిచారు. అక్కడ కూర్చున్నాయన డాక్టర్ కాదు, మార్కెటింగ్ సార్ అనుకుంటా, టై కట్టుకుని ఉన్నాడు. “మేడం, మీది థర్డ్ ట్రైమెస్టర్, బాబు మేల్ చైల్డ్, హై రిస్క్ కేస్” అని మొదలుపెట్టాడు. పన్నెండు వేల ప్యాకేజీ. అందులో ‘బ్రెయిన్ బూస్ట్’ సెషన్లు, విటమిన్ టెస్టులు, బాబుకు కోవిడ్ యాంటీబాడీ టెస్ట్, మెదడు తరంగాలు చూసే ఈఈజీ. ఇవాళే కడితే వెయ్యి తగ్గింపు. పట్టు చీరల దుకాణంలో ఆఖరి పీసు అమ్మినట్టు అమ్ముతున్నాడు, మా ఆయన పర్సు తీయబోయాడు కూడా, చేయి పట్టుకుని ఆపా.

యాంటీబాడీ టెస్ట్ సంగతి చూడండి. తల్లి నుంచి బిడ్డకు వచ్చే యాంటీబాడీలు ఏడాదిలోపే అరిగిపోతాయి. నాలుగున్నరేళ్ల పిల్లాడి రక్తంలో ఇప్పుడు కనపడేది వాడికి ఈ మధ్యలో ఎప్పుడో సోకినది, ఆ ఒమిక్రాన్ అప్పుడు ఎంతమంది పిల్లలకు జలుబులా వచ్చి పోలేదు! దానికీ నా ఎనిమిదో నెలకూ ఏం సంబంధం? ఈఈజీ అంటారా, ఫిట్స్ లేవు, వచ్చిన మాటలు పోవడం లేదు, అలాంటి పిల్లాడి తలకు వైర్లు పెట్టి ఏం వెతుకుతారు? అడిగితే “రూల్ అవుట్ చేసుకుంటే మంచిది కదా మేడం” అన్నాడు. ‘బ్రెయిన్ బూస్ట్’లో ఏం చేస్తారంటే సరైన జవాబే లేదు, లైట్లు, మ్యూజిక్ అన్నాడు.

నేను సైకాలజిస్ట్ మేడం దగ్గరికే వెనక్కి వెళ్లి సూటిగా అడిగా, వీడికి ఈ ‘త’ రావడం కోవిడ్ వల్లనా అని. ఆమె చెప్పిన జవాబు నిజాయితీగా ఉంది: ఒక్క పిల్లాడిని చూసి ఆ మాట ఏ టెస్టూ చెప్పలేదు, అది వేలమంది పిల్లల్ని ఏళ్ల తరబడి చూస్తేనే తేలేది, మనం చూడాల్సింది వీడు ఇప్పుడెలా ఉన్నాడు, దేనికి సాయం కావాలి అనేది. వైరస్ మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డకు చేరడం చాలా అరుదు అని, అనుమానమంతా తల్లి ఒంట్లో వచ్చే వాపు గురించి, అంటే వైరస్‌తో పోరాడేటప్పుడు రక్తంలో పెరిగే రసాయనాలు మాయ మీద, ఎదుగుతున్న మెదడు మీద ఏమైనా ప్రభావం చూపిస్తాయా అన్నదాని మీదే ఉందని కూడా చెప్పారు. ఇది కొత్త అనుమానం కాదు, గర్భంలో వచ్చిన తీవ్రమైన ఇన్ఫెక్షన్ల గురించి ముందు నుంచీ ఉన్నదే. రుబెల్లా వైరస్ అయితే నేరుగా బిడ్డ మీదే పడుతుంది, అమెరికాలో 1964-65లో రుబెల్లా వచ్చినప్పుడు సుమారు 20,000 మంది పిల్లలు వినికిడి, చూపు, గుండె లోపాలతో పుట్టారు. 2017 ఆగస్టులో మన బడుల్లో మీజిల్స్-రుబెల్లా (ఎంఆర్) టీకా వేసింది అందుకే. కోవిడ్ అలాంటిది కాదని ఇప్పటికే తెలిసింది. చిన్న తేడా ఏమైనా ఉంటే అది బడి వయసులో, చదువులో, ఏకాగ్రతలో బయటపడొచ్చు, అందుకే అమెరికాలో రికవర్ అనే పెద్ద స్టడీలో తల్లుల్నీ పిల్లల్నీ ఇంకా చూస్తూనే ఉన్నారు. ఇదంతా ఓపిగ్గా చెప్పగలిగిన మనిషి లోపలి గదిలో ఉంటే బయట గదిలో టై సార్ హై రిస్క్ అంటాడు. ఒకే బిల్డింగు!

ఇంకో లోపం, నా ఉద్దేశంలో ఇది పెద్దదే. తల్లి గురించి ఒక్కరూ అడగలేదు. కోవిడ్ వచ్చింది నాకు కదా! ఆ రికవర్ స్టడీలోనే కడుపుతో ఉండగా కోవిడ్ వచ్చిన 1,502 మంది తల్లుల్ని ఆరు నెలలు దాటాక చూస్తే 9.3 శాతం మందికి లాంగ్ కోవిడ్, అంటే కోవిడ్ పోయినా నెలల తరబడి వదలని బాధలు, ఉన్నాయి. నీరసం, కళ్లు తిరగడం, కాస్త పని చేస్తే ఒళ్లు కూలబడటం. నేను ఏడాదిన్నర దాకా పద్మాక్షి గుట్ట సగం ఎక్కేసరికి ఆయాసంతో కూర్చుండిపోయేదాన్ని, అందరూ బాలింత నీరసం అన్నారు, నేనూ ఐరన్ మాత్రలు మింగుతూ గడిపేశా. తల్లి అలా ఉన్న ఇంట్లో పిల్లాడితో ఎవరు ఎంత మాట్లాడారు, ఎంత ఆడించారు అన్నది పిల్లాడి మాట మీద పడదా? ఎదుగుదల సెంటర్ అన్నాక ఇది మొదటి ప్రశ్న కావాలి. కనీసం ఆ ఫారంలో రెండో గడి పెట్టినా బాగుండేది.

రిపోర్టు వారం తర్వాత ఇచ్చారు, ఆరు పేజీలు, ఇంగ్లిష్‌లో. తెలుగులో ఒక్క పేజీ సారాంశం ఇవ్వొచ్చు కదా అంటే ఫార్మాట్ లేదన్నారు. పరకాల, వర్ధన్నపేట, ములుగు నుంచి వచ్చేవాళ్లంతా ఆ ఆరు పేజీలు ఎవరితో చదివించుకోవాలి? పైన ‘కోవిడ్ ఎక్స్‌పోజ్డ్ చైల్డ్’ అని రబ్బరు స్టాంపు కూడా కొట్టారు. అది తీసేసి ఇవ్వమని గొడవపెట్టుకుని మార్పించా, రేపు స్కూల్లో అడ్మిషన్‌కి ఈ కాగితం చూపిస్తే ఆ స్టాంపు చూసి ఏమనుకుంటారో చెప్పలేం. అలాగని కోవిడ్ సంగతి దాచమని కాదు. పాజిటివ్ రిపోర్టు, తల్లీబిడ్డ కార్డు, డిశ్చార్జి కాగితం ఒక ఫైల్లో పెట్టి పిల్లల డాక్టర్‌కి చూపించండి, ఏ నెలలో వచ్చిందో అందులో తేదీతో ఉంటుంది. నా కాన్పు సర్కారు దవాఖానాలో, డిశ్చార్జి కాగితం మీద ఎన్నో వారంలో పాజిటివ్ వచ్చిందో కూడా నీట్‌గా రాసి ఇచ్చారు, కేసీఆర్ కిట్టు సంచిలోనే ఇన్నాళ్లూ భద్రంగా ఉంది. ఆ ఒక్క లైను ఈ సెంటర్ ఫారం మొత్తం కంటే ఎక్కువ పనికొచ్చింది.

డబ్బులు పెట్టలేని వాళ్లకు, పెట్టగలిగిన వాళ్లకు కూడా, ఉచిత దారి ఉంది. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే కేంద్ర పథకం కింద పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని చూస్తారు, అందులో ఎదుగుదల ఆలస్యాలూ ఉన్నాయి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి టీం రావాలి, అనుమానం ఉంటే జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీ అనే సర్కారు పిల్లల ఎదుగుదల సెంటర్‌కి రాసి పంపుతారు. ప్రైవేట్ బడి పిల్లలైనా మీ ఏరియా ఆశాని గానీ ఏఎన్‌ఎంని గానీ అడిగితే దారి చెప్తారు. మా పక్కింటి అక్క వాళ్ల మనవరాలికి అలాగే చూపించింది. రద్దీ ఉంటుంది, థెరపీ డేట్లు దూరం దూరంగా ఇస్తారు, ఏసీ గది, చేపల తొట్టి ఉండవు. కానీ అక్కడ ఎవరూ ప్యాకేజీ అమ్మరు.

మీ పిల్లలు రెండేళ్లకు రెండు మాటలు కలిపి చెప్పకపోయినా, పిలిస్తే పలక్కపోయినా, వచ్చిన మాటలు పోయినా, కళ్లలో కళ్లు పెట్టి చూడకపోయినా, మీకు కోవిడ్ వచ్చిందా రాలేదా అన్నది పక్కన పెట్టి వెంటనే చూపించండి, ‘వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడు’ అనే ఇంటి పెద్దల మాట మీద ఆగొద్దు. ఇవేవీ లేకుండా నాలాగా వార్త చదివి వెళ్లేవాళ్లయితే ఒక్క అసెస్‌మెంట్ చేయించుకుని రిపోర్టు తీసుకుని వచ్చేయండి, ఏడాదికోసారి మామూలు పిల్లల డాక్టర్ చూస్తే సరిపోతుందని మేడమే చెప్పారు.

మొత్తం మీద అసెస్‌మెంట్‌కి ఐదుకి నాలుగున్నర, స్పీచ్ థెరపిస్ట్‌కి ఐదు, కౌన్సెలింగ్ గదికి సున్నా. లిఫ్ట్ పనిచేయదు, సెంటర్ మూడో అంతస్తు, చంకలో చిన్నపిల్ల ఉన్నవాళ్లు ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. సోమవారం పొద్దున ఊళ్ల నుంచి వచ్చేవాళ్లతో కిటకిటలాడుతుంది, బుధవారం మధ్యాహ్నం ఖాళీగా ఉంటుంది కానీ అన్నం తినిపించి, ఒక కునుకు తీయించి తీసుకెళ్లండి, నిద్రమత్తులో ఉన్న పిల్లాడు ఆ చెక్క పలక ముట్టడు. ఫోన్‌పే తీసుకుంటారు, బిల్లు మాత్రం అడిగితేనే ఇస్తారు, అడగండి.